చిన్న చైన్‌సా మొద్దులో దిగడం లేదు: సైలెన్సర్‌కు రంధ్రం వేయించాలా?

మందస దగ్గర నుంచి ఒక రైతు అడిగారు. ఆయన దగ్గర 32 సీసీ చిన్న చైన్‌సా ఉంది, దానికి 16 అంగుళాల బారు (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ). ముదిరిపోయిన జీడిచెట్లు తీసేసి కొత్త అంట్లు పెట్టాలని పని మొదలుపెట్టారు. మధ్యమధ్యలో కొబ్బరి, పనస మాన్లు కూడా కోయాలి. కొన్న కొత్తలో చక్కగా కోసిన మిషను ఇప్పుడు అడుగు మందం మొద్దుకే ఆయాసపడుతోందట. వీడియోలు చూసి మూడు మార్పులు అనుకున్నారు: సైలెన్సర్‌కు అదనపు రంధ్రం, 18 అంగుళాల బారు, చైనును తిప్పే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, ఆరు పళ్లది తీసి ఏడు పళ్లది. వీటిలో ముందు ఏది చేయించాలన్నది ఆయన ప్రశ్న.

నా జవాబు: మూడింటిలో ఏదీ ముందు చేయించకండి. బారు పెంచడం కాదు, 14 అంగుళాలకు తగ్గించండి; 12 అయినా మంచిదే. దానికి సరిపడే కొత్త చైను వేయండి. ఆ చైను పదును మీ చేతులతో మీరే పెట్టుకోవడం నేర్చుకోండి. తర్వాత కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) సరిచేయించండి. ఇంతవరకు చేస్తే మీ మిషను మళ్లీ కొత్తదానిలా కోస్తుందని నా నమ్మకం. సైలెన్సర్ మాట ఆ తర్వాత, అదీ మీ కార్బొరేటర్ అందుకు వీలు ఇచ్చేదైతేనే. ఏడు పళ్ల స్ప్రాకెట్ మాత్రం ఈ సైజు ఇంజనుకు వద్దే వద్దు.

కాశీబుగ్గలో నేను మందు కొట్టే స్ప్రేయర్లు, నీటి ఇంజన్లు బాగుచేస్తూ ఉండేవాణ్ని. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చాక చైన్‌సాలు రావడం మొదలైంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత నెలల తరబడి నాకు ఈ మిషన్లతోనే పని, బాగుచేయడమూ కోయడమూ రెండూ. కింద రాసేదంతా ఆ పనిలో చేతికి తెలిసినదే.

ముందుగా ఒక సంగతి. చెక్కను కోసేది ఇంజను కాదు, చైను మీది పన్ను. ఇంజను ఆ పన్నును లాగుతుంది, అంతే. వడ్రంగి చిత్రిక పట్టడం చూసే ఉంటారు. చిత్రిక ఇనుములో పదును ఉంటే చెక్క పొర చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. పదును పోతే ఎంత బలంగా తోసినా జారిపోతుంది, లేదా పిండిలా రాలుతుంది. చైను మీద ప్రతి పన్నూ ఒక చిన్న చిత్రిక. మీ మిషను కింద ఇప్పుడు పడుతున్నది ఏమిటో చూడండి. గోధుమపిండిలా మెత్తటి పొడి పడుతుంటే మీ సమస్య నూటికి తొంభై పాళ్లు చైనులోనే ఉంది. పదునున్న చైను పచ్చి జీడి మొద్దులోంచి రేకుల్లాంటి పెచ్చులు విసురుతుంది. పూర్తిగా ఎండిన చెక్కలోనూ, నిలువుకోతలోనూ పొట్టు కొంచెం సన్నగా రావడం మామూలే, దానికి కంగారు పడకండి.

బారు తగ్గించడం ఎందుకు? పొడవు బారు వేస్తే మిషను పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. ఇంజను అదే 32 సీసీ కదా. అది తిప్పవలసిన చైను బరువు పెరుగుతుంది, బారు గాడిలో రాపిడి పెరుగుతుంది, అంత పొడవునా ఆయిలు అందించాల్సిన భారం ఆ చిన్న పంపు మీద పడుతుంది. ఇంకా పెద్ద నష్టం మరొకటి ఉంది. బారు పొడవుగా ఉంటే దాన్ని మొత్తం మొద్దులో దించాలనిపిస్తుంది. ఈ తరగతి చైనులో పంటికీ పంటికీ మధ్య సుమారు అంగుళంన్నర దూరం. 6 అంగుళాల కొమ్మలో ఒకేసారి నాలుగు పళ్లు కరుస్తాయి. 12 అంగుళాల మొద్దులో ఎనిమిది. 16 అంగుళాల మొద్దులో పది దాటుతాయి. ఎన్ని పళ్లు కరిస్తే ఇంజను బలం అన్ని వాటాలుగా చీలిపోతుంది. 32 సీసీ ఇంజను ఎనిమిది పళ్లను హాయిగా లాగుతుంది, పదికి అరవడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు, రావాలి కూడా. పది అంగుళాల మొద్దులో 12 అంగుళాల బారైనా 16 అంగుళాల బారైనా కరిచే పళ్లు అన్నే కదా అని. నిజమే. అక్కడ తేడా కొద్దిగానే ఉంటుంది, రాపిడి వరకే. కానీ చేతికి తేలిక, పదును పెట్టవలసిన పళ్లు తక్కువ, కొత్త చైను ధర తక్కువ, కొన నేలకు తగిలే ప్రమాదం తక్కువ. మా ఇసుక నేలల్లో ఈ చివరిది ఒక్కటి చాలు బారు తగ్గించడానికి. మీ జీడి మొదళ్లు 20 అంగుళాల మందం ఉన్నా 12 అంగుళాల బారుతో ఆ వైపు కొంత, ఈ వైపు కొంత కోసి విడదీయవచ్చు.

బారు కొనేటప్పుడు మూడు కొలతలు కలవాలి: పిచ్ (చైను లింకుల మధ్య దూరం), గేజ్, చైను అడుగున ఉండే డ్రైవ్ లింకుల సంఖ్య. మీ తరగతి మిషన్లకు ఎక్కువగా 3/8 అంగుళం లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) పిచ్ వస్తుంది. స్టిల్ కంపెనీ ఎంఎస్ 180 మిషను దీనికి తెలిసిన ఉదాహరణ. దాని ఇంజను 31.8 సీసీ. గేజ్ అంటే బారు గాడి వెడల్పు. ఇది 1.1 మి.మీ. గానీ 1.3 మి.మీ. గానీ ఉంటుంది, బారు మీదే చెక్కి ఉంటుంది. అదే చెరిగిపోయి ఉంటే పాత చైను తీసుకుని దుకాణానికి వెళ్లండి. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తుంది. డ్రైవ్ లింకుల సంఖ్య కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి "14 అంగుళాల చైను ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోకండి. మార్కెట్లో దొరికే 52, 58 సీసీ చైనా మిషన్ల చైను ఎక్కువగా .325 పిచ్. అది మీ స్ప్రాకెట్ మీద కూర్చోదు. కూర్చోబెట్టాలని చూసి స్ప్రాకెట్ పళ్లు అరగగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

పంటి ఆకారంలో రెండు రకాలున్నాయి. మూల చదరంగా, సూదిగా ఉండేది ఫుల్ చిజిల్; మూల కాస్త గుండ్రంగా ఉండేది సెమీ చిజిల్. శుభ్రమైన పచ్చి చెక్కలో మొదటిది వేగం. కానీ ఇసుక ఒక్కసారి తగిలితే ఆ సూది మూల పోతుంది, మూల పోయాక అది కోయదు. ఉద్దానంలో పనికి నేను ఎవరికైనా సెమీ చిజిలే చెబుతాను. మొదటి పది నిమిషాల్లో కొంచెం వెనకబడినా రోజు మొత్తం మీద అదే ఎక్కువ మొద్దులు కోస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, పదును. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు నిజమైన సమాధానం ఇక్కడే ఉంది.

3/8 లో-ప్రొఫైల్ చైనుకు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి కావాలి. 4.8 మి.మీ.ది .325 చైనుకు. ఒకదానికి ఒకటి వాడితే పంటి కింద గాడి తప్పు ఆకారంలో వస్తుంది. మీ చైను దెబ్బతినడానికి ఇది కారణమై ఉండవచ్చు. చాలా దుకాణాల్లో ఒకే ఆకురాయితో అన్ని చైన్లూ రుద్దేస్తారు. ఆకురాయిని పంటి గాడిలో పెట్టినప్పుడు దాని మందంలో ఐదో వంతు పంటి పై అంచుకు పైన కనిపించాలి. బాగా కిందికి దిగితే పంటి కొన కొక్కెంలా వంగి సన్నబడి, గట్టి చెక్కలో రెండు నిమిషాల్లో మొద్దుబారుతుంది. బాగా పైకి ఉంటే కొన వెనక్కి వాలి అసలు కరవదు.

కోణం 30 డిగ్రీలు. చాలా చైన్లలో పంటి పైభాగం వెనకవైపున ఒక సన్నటి గీత ఉంటుంది, అది మీకు ఈ కోణమే చూపిస్తుంది. ఆకురాయిని దానికి సమాంతరంగా పట్టుకోండి. లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో తోయండి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయండి. ముందుకూ వెనక్కూ రుద్దితే ఆకురాయి పాడవుతుంది, పంటి అంచు చీలుతుంది. ఒక పంటికి మూడు తోపులు పెడితే అన్నిటికీ మూడే. ఒక వరుసలో పళ్లు పొడవుగా, రెండో వరుసలో పొట్టిగా మిగిలితే కోత ఒక పక్కకు వంపు తిరుగుతుంది. కుడిచేతివాటం వాళ్లకు ఒక వరుస ఎప్పుడూ బాగా వస్తుంది, రెండోది సరిగ్గా రాదు. నాకు రెండో వరుస కుదరడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ వరుసకు నిలబడే వైపు మార్చుకోవడమే మందు. బారును ఒక దుంగలో బిగించి, లేదా బెంచి వైస్‌లో పట్టించి, చైను బిగుతుగా పెట్టుకుని చేయండి. ఒడిలో పెట్టుకుని చేస్తే కోణం నిలవదు, చేయి తెగుతుంది.

ఎప్పుడు ఆపాలి? పంటి అంచును వెలుతురులో చూడండి. అంచు మీద తెల్లటి మెరుపు గీత కనిపిస్తే అక్కడ ఇంకా మొద్దుతనం ఉన్నట్టు. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు. ఆ మెరుపు పోయేదాకా తోయండి. రాయికో మేకుకో తగిలిన పన్ను ఉంటే దానికి అవసరమైనన్ని తోపులు పడతాయి, మిగతావాటిని ఆ పొడవుకు తీసుకురావాలి.

ఆ తర్వాత రేకర్లు. ప్రతి పంటికీ ముందు ఒక చిన్న దిమ్మ ఉంటుంది. పన్ను చెక్కలోకి ఎంత లోతుగా దిగాలో అది నిర్ణయిస్తుంది. పంటి కొనకూ ఆ దిమ్మ తలకూ మధ్య ఎత్తు తేడా 0.65 మి.మీ. దగ్గర ఉండాలి. పంటి పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి పదును పెట్టినకొద్దీ పన్ను ఎత్తు తగ్గుతుంది, దిమ్మ మాత్రం అలాగే ఉండిపోతుంది. నాలుగైదు సార్లు పదును పెట్టాక పంటి కొన, దిమ్మ తల దాదాపు సమానమవుతాయి. అప్పుడు అంచు గోరును కూడా చెక్కేంత పదునుగా ఉన్నా చెక్కలో దిగదు, మీదమీద జారుతుంది. "కొన్న కొత్తలో బాగా కోసింది, ఎంత పదును పెట్టినా ఇప్పుడు కోయడం లేదు" అంటూ వచ్చే మిషన్లలో ఎక్కువభాగం ఇదే జబ్బు. మీరు రాసిన లక్షణాలు చదివినప్పుడు నాకు మొదట తోచింది కూడా ఇదే.

దీనికి రేకర్ గేజ్ అని చిన్న ఇనుప పట్టీ దొరుకుతుంది. దాన్ని చైను మీద పెడితే దిమ్మ తల గాడిలోంచి పైకి వచ్చినంత మేర చదునైన ఆకురాయితో రుద్దాలి, తర్వాత దిమ్మ ముందు మూలను గుండ్రంగా చేయాలి. కంటి అంచనాతో చేయకండి. ఎక్కువ రుద్దితే ఎక్కువ కోస్తుందనుకుని 1 మి.మీ. దాకా దించేవాళ్లున్నారు. చిన్న ఇంజను అంత లోతు కోతను లాగలేదు. చైను మొద్దులో పట్టుకుని ఆగుతుంది, క్లచ్ కాలుతుంది, మిషను చేతుల్లో ఎగిరిపడుతుంది. సరుగుడు, చింత లాంటి గట్టి చెక్కకు 0.65 కూడా దాటకూడదు.

పోయిన వేసవిలో పూండి వైపు నుంచి ఒకాయన ఇలాంటి చిన్న మిషనే తెచ్చారు. ఇంజను బలహీనపడింది, కొత్త పిస్టను వేయమన్నారు. కంప్రెషన్ చూస్తే బాగానే ఉంది. మా షెడ్డు వెనక ఎండిన పనస దుంగ ఒకటి ఉంది, దాని మీద ఆయన చేతే ఒక కోత కోయించి సమయం చూశాను. తర్వాత పళ్లకు రెండేసి తోపులు, రేకర్లకు రెండేసి తోపులు. మళ్లీ అదే దుంగ మీద కోస్తే మొదటిసారి పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు. మరలు విప్పలేదు, ఇంజను ముట్టుకోలేదు. ఆయన చైను చేతిలోకి తీసుకుని ఆ దిమ్మల్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

పదును ఎంతసేపు నిలుస్తుందన్నది చెట్టును బట్టి, నేలను బట్టి ఉంటుంది. కొబ్బరి మాను లోపల మెత్తగా, బయట చుట్టూ చాలా గట్టిగా ఉంటుంది. పీచులో ఉండే సిలికా పంటి అంచును తినేస్తుంది. పైగా ఆ పీచు పొడవుగా తెగి స్ప్రాకెట్ మూత కింద ఉండలా చుట్టుకుంటుంది. కొబ్బరి కోస్తున్నప్పుడు పెట్రోలు ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ మూత విప్పి ఆ పీచు లాగేయండి. లేకపోతే ఆయిలు వచ్చే రంధ్రం మూసుకుపోతుంది, క్లచ్ వేడెక్కుతుంది. జీడిచెట్టు కోయడానికి మెత్తనే, కానీ కిందికి వాలిన కొమ్మల బెరడులో ఇసుక దూరి ఉంటుంది. తుపానుకు పడి నేల మీదే చాలాకాలం ఉన్న మానైతే మరీ ఎక్కువ. కోయబోయే చోట కత్తితో చుట్టూ బెరడు చెక్కేయండి, లేదా నీళ్లు కొట్టి కడగండి. రెండు నిమిషాల పని అరగంట పదును పనిని తప్పిస్తుంది. విజయనగరం వైపు జామాయిల్ తోటల్లో పనిచేసేవాళ్లకు ఈ ఇసుక బాధ తక్కువ. అక్కడ కోసిన పద్ధతిలో ఇక్కడ కోస్తే మాత్రం రోజుకో చైను కావాలి.

బారు గురించి క్లుప్తంగా. చైను మార్చినప్పుడల్లా బారును తిరగేసి బిగించండి, రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. అంచుల మీద లేచిన రేకును చదునైన ఆకురాయితో తీసేయండి. గాడిలో మట్టి గీకేయండి. చైనును పక్కకు ఊపితే బాగా ఊగుతోందంటే గాడి వెడల్పయిపోయింది, ఆ బారుకు ఎంత మంచి చైను వేసినా కోత వంకరే. ఆయిలు వస్తోందో లేదో చూడాలంటే బారు కొనను ఒక అట్టముక్క వైపు పెట్టి సగం యాక్సిలరేటర్ ఇవ్వండి. అట్ట మీద సన్నటి నూనె గీత పడాలి. బండి నుంచి తీసిన కాలిన ఆయిలు ఇందులో పోయకండి. అందులో లోహపు రజను ఉంటుంది, పంపును, బారును రెండింటినీ అరగదీస్తుంది. చైను ఆయిలు దొరకకపోతే చిక్కటి కొత్త ఇంజన్ ఆయిలు నయం.

ఇక ఏడు పళ్ల స్ప్రాకెట్. లెక్క వేసి చూపిస్తాను. 3/8 పిచ్ చైనుతో ఆరు పళ్ల స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే చైను నాలుగున్నర అంగుళాలు కదులుతుంది. కోతలో ఇంజను నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుందనుకుంటే చైను వేగం సెకనుకు 17 మీటర్లు. ఏడు పళ్లతో అదే చుట్లకు 20 మీటర్లు. కాగితం మీద బాగుంది. అయితే చైనును లాగే బలం ఏడో వంతు తగ్గిపోతుంది. 32 సీసీ ఇంజనుకు మిగులు బలం లేదు కాబట్టి మొద్దులో దిగగానే చుట్లు పడిపోతాయి, ఆ 20 మీటర్ల వేగం ఎక్కడా కనిపించదు. సన్న కొమ్మలు నరకడానికి మాత్రమే అది పనికొస్తుంది. మీ పని మాన్లతో.

కార్బొరేటర్ దగ్గరికి వద్దాం. మామూలుగా మూడు స్క్రూలు ఉంటాయి: తక్కువ వేగానికి ఎల్, ఎక్కువ వేగానికి హెచ్, ఐడిల్‌కు ఎల్ఏ. చాలా చిన్న మిషన్లలో హెచ్ స్క్రూ ఉండదు, కంపెనీ దాన్ని స్థిరంగా పెట్టేసి ఉంటుంది. మీ మిషన్‌లో ఏవి ఉన్నాయో ముందు చూసుకోండి, ఎందుకంటే సైలెన్సర్ ప్రశ్నకు జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. స్క్రూలు ముట్టుకునే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, పెట్రోలు ఫిల్టర్ మార్చండి, సైలెన్సర్ లోపలి నిప్పురవ్వల జాలి చూడండి. ఆ జాలి మసితో మూసుకుపోతే ఇంజను ఊపిరాడక అచ్చం మీరు చెప్పినట్టే ఆయాసపడుతుంది. రంధ్రం వేయించాలని వచ్చిన మిషన్లకు ఎన్నిటికో నేను ఆ జాలి తీసి, కాల్చి, తీగబ్రష్‌తో రుద్ది తిరిగి పెట్టి పంపాను. అంతటితో సరిపోయింది.

హెచ్ స్క్రూ ఉంటే సరిచేసే తీరు ఇది. ఇంజను బాగా వేడెక్కాక, పదునున్న చైనుతో, మొద్దుకు తగలకుండా పూర్తి యాక్సిలరేటర్ రెండు సెకన్లు ఇవ్వండి. శబ్దం కొంచెం బరబరగా, తెగుతున్నట్టు రావాలి. మొద్దులో దించగానే ఆ బరబర పోయి నున్నగా మారాలి. మొద్దు బయటే సన్నగా, ఈల వేసినట్టు అరుస్తుంటే పెట్రోలు చాలడం లేదు. స్క్రూను ఎడమకు ఎనిమిదో వంతు చుట్టు విప్పండి. ఆ సన్నటి అరుపు చెవికి బలంలా వినిపిస్తుంది, దాని కింద పిస్టను మాడుతూ ఉంటుంది. ఐడిల్‌లో చైను కదలకూడదు. కదిలితే ఎల్ఏ తగ్గించండి.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే స్క్రూ అమరికతో ఇంజనుకు ఇంధనం తక్కువైనట్టే నడుస్తుంది. పాత పెట్రోలుకు సరిపోయిన అమరిక ఇప్పుడు కొంచెం పొడిగా, అంటే పెట్రోలు చాలనట్టు, ఉంటుంది. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాలను, కార్బొరేటర్ పొరను గట్టిపరుస్తుంది. వారంలో వాడేంతే కలుపుకోండి. పని అయ్యాక ట్యాంకు వంపేసి, ఇంజనును అదే ఆగిపోయేదాకా నడపండి. టూ-స్ట్రోక్ ఆయిలు మీ పుస్తకంలో 1:50 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 1:25 అని ఉంటే 40 మి.లీ. "ఎందుకైనా మంచిదని" రెట్టింపు పోస్తే ఇంజనుకు మేలు జరగదు. ఆయిలు పెరిగిన మేర పెట్రోలు వాటా తగ్గుతుంది, మసి పెరిగి ఆ జాలి ఇంకా తొందరగా మూసుకుపోతుంది.

ఇప్పుడు సైలెన్సర్. దీనితో బలం పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు. చిన్న మిషన్లలో పొగ బయటికి పోయే దారిని శబ్దం కోసం, కాలుష్య నిబంధనల కోసం బాగా ఇరుకుగా పెడతారు. ఆ దారి కాస్త తెరిస్తే ఇంజను తేలికగా శ్వాసిస్తుంది. కానీ పొగ ఎక్కువ పోతే గాలి ఎక్కువ లోపలికి వస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలు పెరగాలి. హెచ్ స్క్రూ లేని మిషన్‌లో ఆ పెట్రోలు పెంచే దారే లేదు.

ఈ తప్పు నేనే చేశాను. తిత్లీ తర్వాత నాలుగో రోజో ఐదో రోజో, వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్లో ఇళ్ల మీద పడ్డ కొబ్బరి చెట్లు తీస్తున్నాం. కరెంటు లేదు, జనం నీళ్లకోసం దారి ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తున్నారు. తొందరపని కదా అని ముందు రోజు రాత్రి నా చిన్న మిషను సైలెన్సర్‌కు 8 మి.మీ. రంధ్రాలు రెండు వేశాను. దానికి హెచ్ స్క్రూ లేదు. ఉదయమంతా హుషారుగా కోసింది. మధ్యాహ్నం ఒక మాను మధ్యలో శబ్దం ఉన్నట్టుండి పైకి లేచి, ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. సైలెన్సర్ విప్పి చూస్తే పిస్టను మీద నిలువునా గీతలు, అల్యూమినియం కరిగి బోరుకు పూసుకుంది. మనుషులు ఎదురుచూస్తుండగా ఒక మిషను తగ్గిపోవడం, మిగతా మాన్లను గొడ్డళ్లతో కొట్టాల్సి రావడం నేను మరిచిపోలేను. ఆ రోజు నుంచి హెచ్ స్క్రూ లేని మిషన్‌కు ఎవరు అడిగినా రంధ్రం వేయను.

మీదానికి హెచ్ స్క్రూ ఉండి, పైవన్నీ చేశాక కూడా ఇంకా కావాలనిపిస్తే ఇలా చేయించండి. సైలెన్సర్‌ను ఇంజను నుంచి పూర్తిగా విప్పి పని చేయాలి, లోపలికి లోహపు రజను ఒక్క రవ్వ పోకూడదు. పాత దారి, కొత్త దారి కలిపి మొత్తం వైశాల్యం సిలిండరు పొగ రంధ్రం వైశాల్యంలో నాలుగింట మూడు వంతులు మించకూడదు. కొత్త రంధ్రం ప్లాస్టిక్ వైపు, ట్యాంకు వైపు, మీ చేతి వైపు ఉండకూడదు. దానికి కూడా జాలి పెట్టాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో జీడితోట కింద ఎండుటాకు ఎంత మందాన పరుచుకుని ఉంటుందో మీకు తెలుసు. జాలి లేని సైలెన్సర్ నుంచి ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, మీ తోటతో ఆగదు. బిగించిన వెంటనే హెచ్ స్క్రూను ముందు పావు చుట్టు విప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేసి పైన చెప్పినట్టు వెనక్కి సరిచేసుకోండి. వారంటీ పోతుంది. శబ్దం బాగా పెరుగుతుంది, చెవులకు మఫ్‌లు లేకుండా పని చేయకండి. ఇంత చేస్తే నా చేతికి తెలిసిన లాభం ఒక కోతకు రెండు మూడు సెకన్లు. రేకర్లు సరిచేస్తే వచ్చిన దానితో పోల్చి మీరే చూసుకోండి.

ఫ్లైవీల్ కీ అరగదీసి టైమింగ్ ముందుకు జరపడం, సిలిండరు కింది గ్యాస్కెట్ తీసేసి కంప్రెషన్ పెంచడం కూడా వీడియోల్లో చూపిస్తున్నారు. పిస్టను తలకూ సిలిండరు కప్పుకూ మధ్య అర మిల్లీమీటరు సందు కొలిచి పెట్టగలిగే చేతులకు ఆ పని. చాలా చిన్న మిషన్లలో ఆ గ్యాస్కెట్టే ఉండదు. వదిలేయండి.

ఒక్క మాట భద్రత గురించి, మీరు అడగకపోయినా. చైను ఎంత పదునుగా ఉన్నా కిక్‌బ్యాక్, అంటే మిషను ఒక్కసారిగా వెనక్కి ఎగరడం, జరగవచ్చు. బారు కొన పైభాగం, అంటే పైన ఉన్న పావు వంతు వంపు, దేనికీ తగలనివ్వకండి. తగిలితే మిషను కన్ను మూసి తెరిచేలోగా ముఖం వైపు లేస్తుంది. అడ్డంగా ఉందని చైను బ్రేకు పట్టీని విప్పేసినవాళ్లను చూశాను. మీ మిషన్‌లో అది పనిచేస్తోందో లేదో ఈ రోజే చూడండి. వేళ్లతో సహా లేచి పడిన చెట్టును మొదలు దగ్గర కోసేటప్పుడు వేరుముద్ద తిరిగి గుంతలోకి లేచి కూర్చుంటుంది. దాని వెనక ఎవరూ నిలబడకూడదు, పిల్లల్ని అసలు ఆ దరిదాపులకు రానివ్వకండి.

రేపు మీరు చేయాల్సింది చెబుతాను. తోటలోంచి పది అంగుళాల మందం ఉన్న జీడి దుంగ ఒకటి పక్కన పెట్టుకోండి. ఇప్పుడున్న చైనుతోనే మూడు కోతలు కోసి ఫోనులో సమయం రాసుకోండి. 4 మి.మీ. ఆకురాయి, రేకర్ గేజ్ కొని పదును పెట్టి మళ్లీ మూడు కోతలు. జాలి, ఫిల్టర్లు శుభ్రం చేసి మళ్లీ మూడు. ఒక్కో మార్పుకు ఎన్ని సెకన్లు తగ్గాయో తెలుస్తుంది. ఆ లెక్కలతో పాటు మీ పళ్లను పక్కనుంచి తీసిన ఫొటో, కార్బొరేటర్ స్క్రూల ఫొటో ఇక్కడ పెట్టండి. పంటి గాడి చూస్తే ఇప్పటిదాకా ఏ ఆకురాయి వాడారో, రేకర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చెప్పగలను. 14 అంగుళాల బారు కొనాలో 12 కొనాలో అప్పుడు తేలుద్దాం.